డాబా మీద వేడినీళ్ల లైనుకు ఏ పైపు మేలు? ఎండకు సాగే వస్తువుల్లో ఎంపిక

నిజాంపేటలో మా తమ్ముడు ఇల్లు కట్టిస్తున్నాడు. స్లాబు పడింది, ప్లంబింగ్ పని మొదలైంది. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. "అన్నా, సోలార్ నుంచి బాత్రూములకు వేడినీళ్ల లైను ఏది వేయమంటావ్? మేస్త్రీ జీఐ అంటున్నాడు, ప్లంబరు పీపీఆర్ అంటున్నాడు, పక్కింట్లో సీపీవీసీ ఉంది. వీటిలో ఏది గట్టిది?"

జీఐ అంటే జింకు పూత వేసిన ఉక్కు పైపు. పీపీఆర్, సీపీవీసీ వేడినీళ్లకు వాడే రెండు రకాల ప్లాస్టిక్ పైపులు. ఇల్లు కట్టుకునే వాళ్లందరూ ఇదే అడుగుతారు. నేను జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ఆవిరి పైపుల మెయింటెనెన్స్ చూస్తాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటి. వేడి తగిలే చోట ముందు అడగాల్సింది ఏది గట్టిది అని కాదు, అది సాగినప్పుడు ఎటు కదలాలి అని. ఆ జవాబు దొరికితే పైపు ఎంపిక సగం అయిపోయినట్టే. డాబా మీద టైల్స్, కిటికీ అద్దం, సోలార్ హీటరు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి కాబట్టి అన్నీ కలిపి రాస్తున్నాను.

బండి చక్రానికి పట్టా వేయడం చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కమ్మరి ఇనుప పట్టాను చెక్క చక్రం కంటే కొంచెం చిన్నగా చేస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తాడు. నాలుగడుగుల వ్యాసమున్న పట్టా 400 డిగ్రీలు వేడెక్కితే ఆ వ్యాసం దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు చక్రం మీదికి సులువుగా దిగుతుంది. వెంటనే నీళ్లు పోస్తారు. పట్టా మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది, లోపలున్న చెక్క ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాటే చక్రాన్ని ఏళ్ల తరబడి బిగించి ఉంచుతుంది. మన ఇంటి డాబా మీద జరిగేదీ ఇదే. తేడా ఏమిటంటే అక్కడ కమ్మరి ఆ బిగువును కావాలని తెచ్చిపెట్టాడు, ఇక్కడ మనం తెలియక తెచ్చుకుంటాం.

ఏ వస్తువైనా వేడికి సాగడం వల్ల దానికి నష్టం లేదు. రెండు చివరలా కదలకుండా పట్టేసినప్పుడే లోపల ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి ఎంతన్నది మూడింటిని గుణిస్తే వస్తుంది: ఆ పదార్థం ఎంత బిరుసు, డిగ్రీకి ఎంత సాగుతుంది, ఎన్ని డిగ్రీలు మారింది. ఈ లెక్కలో పొడవు లేదు, గమనించండి. పూర్తిగా బిగించేస్తే అడుగు ముక్కలోనూ, పది మీటర్ల పైపులోనూ పుట్టే ఒత్తిడి ఒకటే. పొడవు పెరిగితే పెరిగేది కదలిక.

మన హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున 12, 13 డిగ్రీలు చూస్తాం. మే నెల మధ్యాహ్నం 42 దాకా పోతుంది. అది గాలి లెక్క. అదే మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, ఎందుకంటే స్లాబు పైభాగం 60 దాటుతుంది. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్తుంటే చక్రాల కింద తాళం వేసినట్టు టక్ టక్‌మని వినిపిస్తుంది కదా. వంతెన సాగడానికీ ముడుచుకోవడానికీ వదిలిన సందులవి. అంత పెద్ద వంతెన కట్టినవాళ్లే ఖాళీ వదిలారు. ఇంట్లో మాత్రం ప్రతిదీ సిమెంటు పెట్టి బిగిస్తాం.

పైపుల దగ్గరికి వద్దాం

10 మీటర్ల పైపును పొద్దున్నే 20 డిగ్రీల దగ్గర వేశారు, ఆ తర్వాత అందులో 70 డిగ్రీల నీళ్లు పారాయి అనుకుందాం. జీఐ పైపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. రాగి 8, 9. నడుమ అల్యూమినియం పొర ఉండే కాంపోజిట్ పైపు 12, 13. సీపీవీసీ 32 దాకా వెళ్తుంది. మామూలు పీపీఆర్ అయితే 75, అంటే మూడంగుళాలు.

ఇంతవరకే చూస్తే జీఐ గెలిచినట్టు కనిపిస్తుంది. మేస్త్రీలు చెప్పేదీ అదే. కానీ అదే పైపును రెండు గోడల మధ్య కదలకుండా బిగించి చూడండి. ఉక్కు బిరుసుతనం సీపీవీసీకి దాదాపు డెబ్భై రెట్లు. 50 డిగ్రీల తేడాకు జీఐలో 120 మెగాపాస్కల్ ఒత్తిడి పుడుతుంది. ఒక అంగుళం జీఐ పైపు గోడను మూడున్నర టన్నులకు పైగా బరువుతో నెట్టినట్టు లెక్క. అదే సైజు సీపీవీసీ నెట్టేది 200 కిలోల లోపే. పైగా ప్లాస్టిక్ వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది కాబట్టి నిజంగా పడే బలం ఇంకా తక్కువ.

కాబట్టి జీఐ తక్కువ కదులుతుంది, కదలనివ్వకపోతే గోడను, ప్లాస్టరును, మరల జాయింటును పట్టి నెడుతుంది. సీపీవీసీ ఎక్కువ కదులుతుంది, కదలనివ్వకపోతే గోడను ఏమీ చేయలేక తనే వంగుతుంది. వంగినప్పుడు భారమంతా ఎల్బో మీద, క్లాంపు దగ్గర, ఇత్తడి మర దగ్గర పడుతుంది. ఇది ఒక్కరోజు జరిగి ఆగదు. రోజూ పగలు సాగడం, రాత్రి ముడుచుకోవడం. ఏడాదికి 365 సార్లు అదే చోట వంగితే ఎంత మంచి జాయింటైనా అలసిపోతుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. డాబా మీద 8 మీటర్ల సీపీవీసీ లైను. ప్లంబరు రెండు చివరలూ గోడలో దింపి సిమెంటు పూసేశాడు, క్లాంపులన్నీ స్క్రూ తిరగనంత బిగించాడు. పని శుభ్రంగా ఉందని నేనూ మెచ్చుకున్నాను. మొదటి వేసవిలోనే మధ్యాహ్నం పూట పైపు క్లాంపుల మధ్య పాములా మెలికలు తిరిగి కనిపించేది, సాయంత్రానికి మళ్లీ సర్దుకునేది. రెండో వేసవిలో చివరి ఎల్బో దగ్గర సన్నటి గీత పడింది. చుక్కచుక్కగా కారి కింద పడకగది సీలింగు పెచ్చులూడింది. ఫ్యాక్టరీలో ఆవిరి లైనుకు లూప్, అంటే సాగడానికి వదిలే వంపు, లేకపోతే ఒప్పుకోని నేను ఇంట్లో దాన్ని పట్టించుకోలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత ఒక చివర గోడలోంచి విడిపించి, అక్కడ పైపును మలుపు తిప్పి, క్లాంపులు వదులు చేయించాను. మరుసటి రోజు పొద్దున ఆరింటికి పైపు చివర ఎక్కడుందో పిట్టగోడ మీద పెన్సిలుతో గీత పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి వేడినీళ్లు కాసేపు వదిలి మళ్లీ గీత పెట్టి టేపుతో కొలిచాను. 22 మిల్లీమీటర్లు. కాగితం మీద లెక్క 23 వచ్చింది. కళ్లముందు ఆ రెండు గీతలు చూశాక ఎవరికైనా నమ్మకం కుదురుతుంది.

ఇక ఎవరికి ఏది?

సొంత ఇల్లు, ట్యాంకు నుంచి మామూలుగా కిందికి దిగే నీళ్లు, లైను 12 మీటర్ల లోపు అయితే నా ఓటు సీపీవీసీకే. సీపీవీసీ పైపులకున్న భారత ప్రమాణం ఐఎస్ 15778 ముద్ర చూసి తీసుకోండి. ఇంట్లో ప్రెషర్ పంపు ఉంటే మందం ఎక్కువుండే ఎస్‌డీఆర్ 11 రకమే కొనండి. 82 డిగ్రీల దగ్గర సీపీవీసీ తట్టుకునే పీడనం చల్లటి నీళ్లప్పటితో పోలిస్తే పావు వంతుకు పడిపోతుంది. మూడు జాగ్రత్తలు మాత్రం తప్పవు. నేరుగా సాగే లైనులో ఒక మలుపు పెట్టి, మలుపు దాటాక మొదటి క్లాంపు మూడడుగుల దూరంలో వేయాలి. క్లాంపు పైపును మోయాలి కానీ పట్టేయకూడదు, చేత్తో తోస్తే పైపు అందులో జరగాలి. ఎండ నేరుగా తగలకుండా ఇన్సులేషన్ తొడుగు వేయాలి. ఆ తొడుగు కూడా ఎండకు పొడిపొడి అవుతుంది కాబట్టి దానిమీద అల్యూమినియం రేకు టేపు చుట్టించండి.

ఇత్తడి మర కలిసే చోటు అన్నిటికంటే సున్నితం. ఇత్తడి కంటే సీపీవీసీ మూడు రెట్లకు పైగా సాగుతుంది. ప్లాస్టిక్ మరలోకి లోహపు నిపిల్ (మరలున్న చిన్న గొట్టం ముక్క) బిగిస్తే కొన్నాళ్లకు ప్లాస్టిక్ చీలుతుంది. లోపల ఇత్తడి మర పోసి ఉన్న ఫిట్టింగే వాడమనండి. అది ప్లాస్టిక్ మర ఉన్నదానికంటే ఖరీదే, కానీ చీలితే గోడ పగలగొట్టాలి.

పీపీఆర్ చెడ్డదేం కాదు. 260 డిగ్రీల మెషీనుతో కరిగించి అతికిస్తారు కాబట్టి జాయింటు పైపులో కలిసిపోతుంది, లీకు భయం తక్కువ. కానీ మామూలు పీపీఆర్‌ను డాబా మీద ఆరుబయట వేయకండి. మూడంగుళాల కదలికను తట్టుకోవడానికి పెట్టాల్సిన మలుపులకు చోటే ఉండదు. అదే కావాలంటే నడుమ గాజునార పొర ఉన్న రకం తీసుకోండి, కదలిక దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. లైను పొడవుగా ఉండి, మెషీను పట్టడం తెలిసిన మనిషి దొరికితే అది మంచి ఎంపిక.

జీఐ ఎప్పుడు? లైను పొట్టిగా ఉండి, మలుపుకు చోటు లేక, మీ ఇంటికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లే వస్తుంటే ఆలోచించవచ్చు. బోరు నీళ్లయితే వద్దు. మన దగ్గర బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. వేడెక్కితే సున్నపు పొర ఇంకా త్వరగా పేరుకుంటుంది, మర దగ్గర తుప్పు మొదలవుతుంది. నాలుగైదేళ్లకు అంగుళం పైపులో వేలు దూరనంత రంధ్రం మిగిలిన ఇళ్లు చూశాను. లోహం కాబట్టి దారిలోనే వేడినంతా వదిలేస్తుంది కూడా. కాంపోజిట్ పైపు ఈ పొట్టి లైనుకు జీఐ కంటే మేలు, వేడినీళ్లకు పనికొచ్చే రకమేనా అని పైపు మీద రాసినది చదివి కొనండి. రాగి అన్ని విధాలా బాగుంటుంది, ఖర్చు పెట్టగలిగితే.

గోడ లోపల వేసే పైపు సంగతి వేరు. అక్కడ ప్లాస్టరు చుట్టూ పట్టేస్తుంది, పైపు కదలదు. మెత్తటి పైపుకు అది పెద్ద కష్టం కాదు, ఉన్నచోటే ఆ కొద్దిపాటి ఒత్తిడిని భరిస్తుంది. గోడలో పూడ్చిన జీఐ మీద మాత్రం పైపు గీతలాగే ప్లాస్టరు మీద బీట తేలుతుంది. గోడలోకి సీపీవీసీ లేదా పీపీఆర్, ఎల్బోల దగ్గర మాత్రం గుడ్డో ఫోమో చుట్టి ప్లాస్టరు చేయించండి.

సోలార్ హీటరు: గాజు గొట్టాలదా, పలకదా?

మే నెలలో ఒకరోజు మా వీధిలో ఒకరింటి ట్యాంకు పొద్దున్నే ఖాళీ అయింది. వాళ్ల గాజు గొట్టాల సోలార్ కూడా ఎండిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకు ట్యాంకరు వచ్చింది, మోటారు వేశారు. పది నిమిషాలకు డాబా మీద టప్ టప్‌మని టపాకాయల్లా చప్పుడు. వెళ్లి చూస్తే మూడు గొట్టాలు పగిలి నీళ్లు కారుతున్నాయి. నీళ్లు లేకుండా ఎండలో ఉన్న గొట్టం లోపల 200 డిగ్రీలు దాటుతుంది. అందులోకి చల్లటి నీళ్లు పడగానే గాజు లోపలి పొర ముడుచుకోవాలని చూస్తుంది, పక్కనున్న వేడి గాజు పట్టి ఉంచుతుంది. ఇక్కడ గోడ లేదు, క్లాంపు లేదు. వస్తువులో ఒక భాగమే ఇంకో భాగాన్ని కదలనివ్వలేదు. పూర్వం బండరాళ్లను చీల్చడానికి మంట పెట్టింది కూడా ఇందుకే.

ఆ గొట్టాలు మామూలు గాజువి కావు, బోరోసిలికేట్. మామూలు గాజు సాగే దాంట్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే సాగుతుంది. అందుకే రోజువారీ వేడికి దిగులు లేదు. కానీ ఇలాంటి దెబ్బకు అదీ ఆగదు.

పలక రకంలో నీళ్లు తగిలేది రాగి గొట్టాలకు, గాజు పైమూత మాత్రమే. రాగి సాగుతుంది, వంగుతుంది, పగలదు. కాబట్టి మున్సిపల్ నీళ్లు ఉండి, సరఫరా అప్పుడప్పుడూ ఆగే ఇంటికి పలక రకం మంచిది. బోరు నీళ్లే ఆధారమైతే ఆ సన్నటి రాగి గొట్టాల్లో సున్నం పట్టేస్తుంది, కడగడం కష్టం. అక్కడ గాజు గొట్టాలే తీసుకుని ఒక నియమం పెట్టుకోండి. సోలార్ ఎండిపోతే పగలు నీళ్లు ఎక్కించవద్దు. సాయంత్రం చల్లబడ్డాక, లేదా తెల్లవారాక ఎండ రాకముందు నింపండి. వేసవి సెలవులకు ఊరు వెళ్తుంటే గొట్టాల మీద గోనెపట్టా కప్పి వెళ్లండి. వారంపాటు ఎవరూ వాడకపోతే ట్యాంకులో నీళ్లు సీపీవీసీ తట్టుకోగల హద్దు దాటి వేడెక్కవచ్చు, పైన చెప్పిన పైపు కష్టాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

డాబా పైకప్పు

కాంక్రీటు నొక్కితే బలంగా నిలుస్తుంది, లాగితే తేలిగ్గా తెగుతుంది. ఇంట్లో వాడే ఎం25 కాంక్రీటు లాగుడు బలం 3.5 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది. పూర్తిగా పట్టి ఉంచిన కాంక్రీటు 14 డిగ్రీలు చల్లబడితే చాలు, అంత లాగుడు దానిలో పుడుతుంది. మే నెలాఖరున సాయంత్రం గాలివాన వస్తే 60 డిగ్రీల డాబా మీద ఒక్కసారిగా చల్లటి వాన పడుతుంది. పైపొర ముడుచుకుంటుంది, కిందిది ఇంకా వేడిగానే ఉంటుంది. వెంట్రుకవాసి బీటలు అలా వస్తాయి. నిజానికి స్లాబు పూర్తిగా బిగుసుకుని ఉండదు, ఇనుప చువ్వలు బీటలను సన్నగా ఉంచుతాయి, అందుకే ఇళ్లు నిలబడుతున్నాయి. 45 మీటర్లు దాటిన కట్టడాలకు సాగేందుకు సందు వదిలేలా డిజైన్ చేయమని కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మన ఇళ్లు అంత పొడవుండవు, మన బాధంతా పైపొరతోనే.

చాలామంది బీటలు చూసి దానిమీద ఇంకో రెండంగుళాల సిమెంటు పోయిస్తారు. నేను గట్టిగా వద్దంటాను. కొత్త పొరకూ అదే ఎండ, అదే వాన. రెండేళ్లలో అదీ పగులుతుంది, స్లాబు మీద బరువు మిగులుతుంది. ముందు వేడి తగ్గించండి. సాగే గుణమున్న తెల్లటి కూల్ రూఫ్ పూత అన్నిటికంటే చవక, సన్నటి బీటలను కప్పుతుంది, పైభాగం ఉష్ణోగ్రత బాగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇంటి వేడి తగ్గించడానికే. పూతను కొన్నేళ్లకోసారి మళ్లీ వేయించాలి, అదొక్కటే ఇబ్బంది.

డాబా మీద తిరుగుతారు, బట్టలు ఆరేస్తారు, వడియాలు పెడతారు అంటే తెల్లటి కూల్ టైల్స్ వేయించండి. పెద్దవి వద్దు, చిన్నవి తీసుకోండి. టైలుకూ టైలుకూ మధ్య 4, 5 మిల్లీమీటర్ల సందు, పిట్టగోడ వెంట అర అంగుళం సందు వదిలి, అందులో సిమెంటు కాకుండా మెత్తటి సీలెంటు నింపించండి. సందు లేకుండా వేసిన టైల్స్ మధ్యాహ్నం పూట డేరాలా పైకి లేచి విరుగుతాయి. ఆ చప్పుడు విని పైన ఎవరో నడుస్తున్నారని భయపడ్డవాళ్లున్నారు.

పాతబస్తీలో డంగు సున్నంతో వేసిన పైకప్పులు ఇప్పటికీ బాగున్నవి చూశాను. సున్నం సిమెంటు కంటే బలహీనం, కానీ బిరుసు తక్కువ. కొంచెం ఒదుగుతుంది, సన్నటి బీటల్లోకి తేమ చేరితే సున్నం కరిగి మళ్లీ గట్టిపడి పూడుకుంటుంది. 1591 నాటి చార్మినార్‌లోనూ రాళ్ల మధ్య ఉన్నది సున్నమే.

కిటికీ అద్దం గురించి రెండు మాటలు. పడమటి ఎండ తగిలే రంగు అద్దం నడుమ బాగా వేడెక్కుతుంది, ఫ్రేములో ఉన్న అంచు చల్లగా ఉంటుంది. మామూలు అద్దం ఆ రెంటి మధ్య 40 డిగ్రీల తేడా దగ్గరే అంచు నుంచి పగలొచ్చు. టఫెన్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరచినది, 200 డిగ్రీల తేడా దాకా ఓర్చుకుంటుంది. పడమర వైపు రంగు అద్దమో, మీద ఫిల్మో ఉంటే టఫెన్డ్ పెట్టించండి, మిగతా చోట్ల ఎండ గురించి అయితే అవసరం లేదు. టఫెన్డ్‌ను తర్వాత కోయలేరు కాబట్టి కొలత రెండుసార్లు చూసుకుని ఆర్డరివ్వండి.

మా తమ్ముడింటికి బోరు నీళ్లు, లైను 11 మీటర్లు, ప్రెషర్ పంపు లేదు. గాజు గొట్టాల సోలార్, సీపీవీసీ అని నిర్ణయించాం. సరిగ్గా మధ్యలో ఒక మలుపు పెట్టించాం, అప్పుడు ఒక్కోవైపు 18 మిల్లీమీటర్లు కదిలితే సరిపోతుంది. పని పూర్తయి నీళ్లు వదిలాక, ఎండ బాగా కాసే ఒకరోజు చూసి, మలుపు దగ్గర గోడ మీద పెన్సిలుతో రెండు గీతలు పెట్టమన్నాను. ఒకటి పొద్దున ఆరింటికి, ఇంకోటి మధ్యాహ్నం రెండింటికి వేడినీళ్లు వదిలాక. వాటి మధ్య దూరం 18కి దగ్గరగా రావాలి. రెండు గీతలూ ఒకేచోట పడితే పైపు ఎక్కడో పట్టేసినట్టే. అప్పుడు మలుపు నుంచి మొదలుపెట్టి క్లాంపులు ఒక్కొక్కటే వదులు చేసుకుంటూ రావాలి, ఎక్కడ పైపు కదిలితే అక్కడ ఆపాలి.